లెక్కలో లేని గుళ్లు

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన నగరంలో గుడి లేని వాడ కనపడదు. భద్రకాళి, వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట గురించి ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. వీటి వెనక పేరు పలకని వరుస ఇంకొకటి ఉంది. ధూపదీపాలు ఏనాడో ఆగిపోయి, శిఖరం కూలి, గర్భగుడిలో రావి మొలిచి, నాలుగు స్తంభాలూ ఒక ద్వారబంధంతో మిగిలిపోయిన గుళ్లవి. కొన్ని పొలం గట్ల మీద, కొన్ని చెరువు కట్టల పక్కన, కొన్ని కొత్త ప్లాట్ల మధ్యన ఉన్నాయి. కటాక్షపూర్, జాకారం, రామానుజాపురం వంటి చోట్ల ఉన్నవాటిని చరిత్ర విద్యార్థులు వెతుక్కుంటూ పోయి చూస్తారు. చాలావాటికి ఆ భాగ్యమూ లేదు. 2013లో చుట్టుపక్కల 42 గ్రామాలు నగరపాలక సంస్థలో కలిశాయి. ఆ తర్వాత రింగు రోడ్లు, మెగా టెక్స్‌టైల్ పార్కు, మామునూరు విమానాశ్రయం అంటూ ఒక్కొక్కటిగా వస్తుంటే, నిన్నటిదాకా ఎవరికీ పట్టని చెలకలకు గజాల్లో ధర పలుకుతోంది. అలాంటి చోట పాడుబడ్డ గుడి ఉంటే గొడవ తప్పదు. దేవుడి జోలికి రావద్దని ఒకరు, రాళ్లకుప్ప కోసం ఊరి బాగు ఆపుతారా అని ఇంకొకరు. గుడి విలువ అక్కడ జరిగే పూజలోనే ఉందని ఇద్దరూ తెలియకుండానే ఒప్పేసుకుంటున్నారు. అక్కడే పొరపాటుంది. పూజ ఆగిన గుడిని ఉంచాలా, కదిలించాలా, వదులుకోవాలా అన్నది భక్తుల సంఖ్యను బట్టో రోడ్డు వెడల్పును బట్టో తేలే విషయం కాదు. ఆ రాళ్లలో ఏముందో లెక్క తీస్తే తేలుతుంది. ఆ లెక్క తీయకముందే స్థలం కేటాయించడం వల్లనే ప్రతిసారీ తగాదా జేసీబీ ముందు దాకా వస్తోంది.

రాళ్లలో ఏముంటుందన్న ప్రశ్నకు నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం మంచి జవాబు. రుద్రమదేవి 1295 ప్రాంతం వరకు పాలించి, మనవడు ప్రతాపరుద్రుడికి రాజ్యం అప్పగించిందని చరిత్రకారులు చాలాకాలం రాస్తూ వచ్చారు. చందుపట్లలో దొరికిన ఒక రాయి ఆ లెక్కను మార్చేసింది. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలిగినందున వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు సోమనాథ దేవుడికి భూమి రాసిచ్చిన శాసనమది. దాని మీద ఉన్న తేదీ 1289 నవంబరులో పడుతుంది. ఒక మహారాణి మరణకాలం మనకు తెలిసింది ఏ రాజప్రాసాదంలో దొరికిన రాగిరేకు వల్లనో కాదు, పల్లెటూళ్లో ఒక మామూలు సైనికుడు గుడికి చేసిన చిన్న దానం వల్ల. బయ్యారం చెరువు దగ్గరి శాసనం లేకపోతే కాకతీయుల తొలితరాల వంశక్రమం మనకు సరిగ్గా తెలిసేది కాదు. వరంగల్‌లోనే ఖాన్ సాహెబ్ తోటలో దొరికిన శాసనం ఆనాటి అంగడి సరుకుల మీద వసూలు చేసిన సుంకాల సంగతి చెబుతుంది. కాకతీయుల కాలంలో చెరువు తవ్వినా, ఊరు కట్టినా, పన్ను తగ్గించినా ఆ మాట రాతికెక్కేది ఎక్కువగా గుడి దగ్గరే. అంటే గుడి ఆ ఊరి దస్తావేజుల గది కూడా. దేవుడు లేచిపోయినంత మాత్రాన దస్తావేజు చెల్లకుండా పోదు.

శాసనం లేని గుడి కూడా మూగది కాదు. కాకతీయుల కట్టడం ఎలా నిలుస్తుందో తెలిస్తే అది ఎంత సులువుగా పోతుందో కూడా అర్థమవుతుంది. పునాది కోసం గొయ్యి తీసి, అందులో ఇసుకను దట్టంగా కూరి, దాని మీద రాతి వేదిక లేపేవారు. స్తంభాలు, దూలాలు, కప్పు బండలు సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి బరువు మీదనే కూర్చుంటాయి. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడిలో శిఖరానికి నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. చెక్కడాలకు నల్లరాయి, గోడలకు ఎర్రరాయి ఎంచుకున్నారు. ఇలాంటి కట్టడంలో రాయి పగలడం కంటే రాయి జరగడం పెద్ద ప్రమాదం. పునాదిలోని ఇసుక నీటి పారుదలకు కొట్టుకుపోతే వేదిక ఒకవైపు కుంగుతుంది. రావి వేరు సందులో దూరితే దూలం పక్కకు ఒరుగుతుంది. పక్కనే రోడ్డు రోలరు తిరిగినా, క్వారీలో పేల్చినా అదే పని జరుగుతుంది. వీటికి తోడు గుప్తనిధుల పిచ్చి ఒకటి. లింగం కింద బంగారం ఉంటుందని రాత్రికి రాత్రి పానవట్టాన్ని పెకలించి, గర్భగుడిని నిలువు లోతు తవ్వి పోయేవాళ్లు ఉన్నారు. బుల్డోజరు వచ్చేనాటికి సగం పని ఇలాగే అయిపోయి ఉంటుంది. అప్పుడు అధికారి చూసేది నిజంగానే రాళ్లకుప్ప. కాబట్టి కుప్పలా కనపడుతోంది కనుక విలువ లేదనే మాట చెల్లదు. చెదిరిన రాళ్లలో కూడా దూలం ఏదో, కప్పుబండ ఏదో నిపుణుడు గుర్తుపట్టగలడు. జేసీబీ తొట్టిలోకి ఎత్తి చెరువులో పోసిన తర్వాత మాత్రం ఎవరూ గుర్తుపట్టలేరు.

ఫలానా గుడిని పడగొట్టండి అని సాధారణంగా ఎవరూ ఉత్తర్వు ఇవ్వరు. కట్టడాలు పోయే తీరు వేరు. కేంద్రం స్వయంగా రక్షిస్తున్న 3,693 కట్టడాల్లో 50 కనపడటం లేదని కేంద్ర సాంస్కృతిక శాఖ కొన్నేళ్ల కిందట పార్లమెంటరీ సంఘానికి తెలిపింది. వాటిలో 14 పట్టణాల పెరుగుదలలో కలిసిపోయాయి, 12 జలాశయాల్లో మునిగాయి, 24 ఎక్కడున్నాయో ఆచూకీయే లేదు. గెజిట్‌లో పేరుండి, బోర్డు ఉండి, చట్టం కాపలా ఉన్నవాటి గతే ఇది. ఏ జాబితాలోనూ లేని గుడి మాయమైతే అడిగే నాథుడెవరు? మన దగ్గర ఇప్పటికీ కొత్తగా వెలుగులోకి వస్తున్న కట్టడాలున్నాయి. 2024లో నల్గొండ జిల్లా ముడిమాణిక్యంలో కృష్ణ ఒడ్డున బాదామి చాళుక్యుల కాలం నాటి గుళ్లను, ఒక శాసనాన్ని చరిత్ర పరిశోధకులు గుర్తించారు. పదమూడు వందల ఏళ్ల కిందటి గుడి నిన్నమొన్నటి దాకా లెక్కలో లేదంటే, లెక్కలోకి రాకుండానే పోయినవి ఎన్నో ఊహించుకోవచ్చు.

లెక్కకు రాకపోవడానికి కారణం పట్టించుకునే శాఖలు లేకపోవడం కాదు, నాలుగు శాఖలుండి ఎవరి పరిధి వారిది కావడం. వేయిస్తంభాల గుడి, రామప్ప, ఖిలా వరంగల్ వంటివి 1958 ప్రాచీన కట్టడాల చట్టం కింద కేంద్ర పురావస్తు శాఖవి. ఘన్‌పూర్ కోటగుళ్ల వంటివి రాష్ట్ర వారసత్వ శాఖవి. పూజ, హుండీ, మాన్యం ఉన్నవి 1987 చట్టం కింద దేవాదాయ శాఖవి. ఈ మూడింటిలో దేనికీ చెందనివి పహాణీలో గ్రామకంఠంగానో, ప్రభుత్వ భూమిగానో, ఒక్కోసారి పట్టా భూమిగానో నమోదై రెవెన్యూ చేతిలో ఉంటాయి. ప్రభుత్వం ఒక బడికో, ఆస్పత్రికో, ఇళ్ల స్థలాలకో భూమి కావాలంటే తహసీల్దారు చూసేది సర్వే నంబరు, విస్తీర్ణం, కబ్జాలో ఎవరున్నారన్నది. ఆ కాగితంలో గుడి అన్న గడి లేదు. చదును చేయడానికి పోయిన కాంట్రాక్టరుకు చెట్టు, పుట్ట, గుడి అన్నీ ఒకటే. రాష్ట్రం 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చింది. చట్టంలో మాట ఎంత బాగున్నా, అది సర్వే నంబరుకు అతుక్కోనంత కాలం క్షేత్రంలో దానికి బలం ఉండదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. బతికున్న మనుషులకు రోడ్డు కావాలి, పిల్లలకు బడి కావాలి, చచ్చిన రాజుల గుళ్ల కోసం వాటిని ఆపడం న్యాయమా అని. ఇది తేలిగ్గా తీసిపారేయాల్సిన మాట కాదు. అయితే తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు ఇదివరకే రెండు రకాల జవాబులున్నాయి. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండను తవ్వి, చదివి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, అనుపు దగ్గరికీ చేర్చారు. ఆనకట్ట ఆగలేదు, చరిత్రా మునగలేదు. శ్రీశైలం జలాశయం వచ్చినప్పుడు కృష్ణా తుంగభద్రల కూడలిలోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఇది ఒక పద్ధతి. రెండోది విజయవాడలో 2016 కృష్ణా పుష్కరాల ముందు చూశాం. రోడ్ల విస్తరణ కోసం గుళ్లను హడావుడిగా తొలగించారు, ఊరంతా రాజకీయం రగిలింది, చివరికి 2021 జనవరిలో తొమ్మిది గుళ్ల పునర్నిర్మాణానికి మరో ప్రభుత్వం శంకుస్థాపన చేసింది. హైదరాబాద్‌లో 2020లో పాత సచివాలయం కూల్చేటప్పుడు నల్లపోచమ్మ గుడి, మసీదులు దెబ్బతిన్నాయి. వాటి స్థానంలో కొత్తవి కట్టి 2023 ఆగస్టులో ప్రారంభించారు. రెండు చోట్లా కూల్చడానికి ఒక ఖర్చు, కట్టడానికి ఇంకో ఖర్చు, మధ్యలో ఏళ్ల తరబడి మనస్తాపం. ముందుగా లెక్క తీసిన చోట అభివృద్ధి సాగింది, తీయని చోట అభివృద్ధికే చెడ్డపేరు వచ్చింది. కనుక గుళ్ల జాబితా అభివృద్ధికి అడ్డుకట్ట అనుకోవడం తప్పు. రోడ్డు గీత గీసే నాడే నలభై గజాలు పక్కకు జరపడానికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. భూసేకరణ అయిపోయాక అదే గీత కదపాలంటే కోట్లు కావాలి.

అయితే అన్నిటినీ విప్పి వేరేచోట కట్టేద్దాం అనే వాళ్లూ ఉంటారు. ఈజిప్టులో అస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ ఆలయాలను 1960లలో కొండ మీదికి జరిపారు కదా అని ఉదాహరణ చూపిస్తారు. సాధ్యమే, కానీ ఎంత కష్టమో తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ఎదుటి కల్యాణ మండపం కుంగుతుంటే, పునాది సరిచేయడానికి కేంద్ర పురావస్తు శాఖ 2006లో దాన్ని విప్పింది. విప్పడమంటే ప్రతి రాయికీ కొలత తీసి, బొమ్మ గీసి, ఫొటో పట్టి, అంకె రాసి, వరుస తప్పకుండా పేర్చడం. మళ్లీ కట్టేటప్పుడు ఆ వరుసలోనే వెనక్కి రావాలి. విరిగినవాటికి కొత్తవి చెక్కాలి. శిల్పులు కావాలి, రాయి కావాలి, బడ్జెట్ రావాలి. ఆ మండపం తిరిగి జనానికి తెరుచుకున్నది 2024 మార్చిలో. నగరం నడిబొడ్డున, కేంద్ర శాఖ చేతిలో, అందరి కళ్ల ముందు ఉన్న కట్టడానికే పద్దెనిమిదేళ్లు పట్టింది. ఊరి బయట అనామక గుడి రాళ్లను విప్పి షెడ్డులో పెడితే వాటి మీద అంకెలు చెరిగిపోకముందే ఎవరైనా తిరిగి కడతారని నమ్మకం ఏమిటి? పైగా గుడికి చెరువుతో, పాత బాటతో, ఊరితో ఉన్న సంబంధం కదిలించిన క్షణమే తెగిపోతుంది. అందువల్ల కదిలించడం చివరి మార్గంగానే ఉండాలి. ఉన్నచోటే ఉంచడానికి నిజంగా దారి లేనప్పుడు, తిరిగి కట్టే స్థలమూ డబ్బూ ముందే చూపించినప్పుడు మాత్రమే దానికి ఒప్పుకోవాలి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. కాకతీయుల సీమలో ఊరికో గుడి, చెరువుకో గుడి. అన్నిటినీ కాపాడటం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. నిజమే. అన్నిటినీ కాపాడాలని పట్టుబడితే ఏదీ దక్కదు. అందుకే లెక్కతో పాటు తరతమాలు నిర్ణయించాలి. శాసనం ఉన్నది, కట్టడంలో అరుదైన పద్ధతి ఉన్నది, శిల్పం నిలిచి ఉన్నది, చెరువుతో కలిసి ఒక ఏర్పాటుగా మిగిలినది మొదటి వరుస. వాటిని ఉన్నచోటే ఉంచాలి, రోడ్డే పక్కకు జరగాలి. కొంత భాగమే మిగిలినవి రెండో వరుస. వాటి చుట్టూ పార్కో, బడి ఆవరణో వచ్చేలా చూడొచ్చు. పునాది కూడా దొరకని విడి రాళ్లు మూడో వరుస. వాటిని నమోదు చేసి, శిల్పాలనూ శాసనాలనూ మ్యూజియానికి చేర్చి స్థలం వదిలేయొచ్చు. అంటే కొన్నిటిని వదులుకోక తప్పదు. కానీ నమోదు లేకుండా ఒక్కటి కూడా పోకూడదు. ఈ తరతమాలు ఇంకోవైపు కూడా పనికొస్తాయి. ఫుట్‌పాత్ మీద నిన్నగాక మొన్న వెలిసిన గుడిని కూడా ప్రాచీనం అనడం మామూలైపోయింది. బహిరంగ స్థలాల్లో అనుమతి లేని కొత్త ప్రార్థనా మందిరాలు వద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులోనే చెప్పింది. ఏది పన్నెండో శతాబ్దానిదో, ఏది సిమెంటు వచ్చాక కట్టిందో తేల్చే జాబితా ఉంటే, అసలైన పాతదానికి రక్షణ దొరుకుతుంది, ఆక్రమణకు ముసుగు పోతుంది.

మరి పూజలు మొదలుపెడితే సరిపోతుంది కదా, జనం వస్తే గుడి దానంతటదే బతుకుతుందని చాలామంది భక్తులు నిజాయితీగా నమ్ముతారు. కొన్నిచోట్ల ఇది నిజం కూడా. కానీ పాత గుడికి బుల్డోజరు ఎంత శత్రువో తొందరపాటు భక్తి కూడా అంతే. చందాలు పోగవగానే జరిగేది చూడండి. నల్లరాతి స్తంభాలకు ఎనామిల్ రంగు పూస్తారు, శాసనం ఉన్న బండను గడపగా పరుస్తారు, నేలకు టైల్స్ వేస్తారు, కూలిన శిఖరం మీద సిమెంటు గోపురం లేపుతారు, ముఖమంటపానికి గ్రిల్లు బిగిస్తారు. ఇసుక పునాది మీద నిలిచిన కట్టడానికి కాంక్రీటు స్లాబు బరువు మోపితే కొన్నేళ్లలో వేదిక పగులుతుంది. గుడి బతికింది, పాత గుడి పోయింది. జీర్ణోద్ధరణ మన ఆగమాలకు కొత్త కాదు. మూలమూర్తి శక్తిని కలశంలోకి ఆవాహన చేసి, బాలాలయంలో పూజలు సాగించి, పని పూర్తయ్యాక తిరిగి ప్రతిష్ఠ చేసే విధానం ఉంది. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 వరకు బాలాలయంలోనే దర్శనాలు జరగడం అందరూ చూశారు. కాబట్టి మరమ్మతుకు సమయం ఇవ్వడం శాస్త్రానికి విరుద్ధమని ఎవరూ అనలేరు. పూజ తిరిగి మొదలుపెట్టాలనుకున్న ఊరికి ప్రభుత్వం అడ్డు చెప్పాల్సిన పని లేదు. పురావస్తు నిపుణుడు చూసి, ఏ రాయి ముట్టకూడదో రాసిచ్చాకే మేస్త్రీ తాపీ పట్టాలన్న ఒక్క షరతు చాలు.

ఊరివాళ్లను నిజంగా భయపెట్టేది మరొకటి ఉంది. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన 200 మీటర్లలో అనుమతి కావాలి. ఖిలా వరంగల్‌లో కోట గోడల లోపలే తరాలుగా జనం ఉంటున్నారు. గది వేసుకోవాలన్నా అనుమతి వెతుక్కోవాల్సిన బతుకు వారిది. అది చూసిన రైతు తన చెలకలోని గుడి గురించి అధికారికి చెబుతాడా? చెప్పడు, ఒక రాత్రి ట్రాక్టరు తెచ్చి రాళ్లు ఈడ్చేస్తాడు. చట్టం భయంతోనే గుడి పోతుంది. కాబట్టి స్థానిక జాబితాలోకి వచ్చే ప్రతి గుడికీ ఈ 300 మీటర్ల కొలత పెట్టకూడదు. చిన్న గుడికి చిన్న హద్దు, ఇంటి ఎత్తుకు పరిమితి, పునాది తవ్వేటప్పుడు జాగ్రత్త చాలు. రోడ్డు విస్తరణలో స్థలం పోయినవాళ్లకు నగరాల్లో టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) ఇస్తున్నారు. గుడి చుట్టూ స్థలం వదిలిన పట్టాదారుకు కూడా అదే మేలు అందితే, దాచిపెట్టాల్సిన అవసరం అతనికి ఉండదు. హద్దులు ముందే గీసుకోకపోతే ఎంత నష్టమో వరంగల్‌కు తెలుసు. కాకతీయుల కట్టడాలకు ప్రపంచ వారసత్వ గుర్తింపు కోరినప్పుడు 2014 తాత్కాలిక జాబితాలో వేయిస్తంభాల గుడి, కోటలోని స్వయంభూ ఆలయం, కీర్తితోరణాలు, రామప్ప కలిసి ఉన్నాయి. 2021 జూలైలో గుర్తింపు దక్కింది ఒక్క రామప్పకే. వెనకబడిన వేయిస్తంభాల గుడి, కోట రెండూ ఇళ్లు, దుకాణాల మధ్య ఉన్నవే.

చివరిగా, ఒక మతం గుళ్ల మీద ప్రజల డబ్బు ఎందుకన్న ప్రశ్న. దీనికి వరంగల్ చరిత్రే జవాబు చెబుతుంది. 1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు పడినప్పుడు స్వయంభూ దేవాలయం ధ్వంసమైంది. 1504 నాటి శాసనం ప్రకారం ఆ నగరంలో కాకతి రాజ్యలక్ష్మిని, పాంచాలరాయుడిని తిరిగి ప్రతిష్ఠించింది షితాబ్ ఖాన్ అనే పేరుతో పాలించిన నాయకుడు. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో రామప్ప గుడికి మరమ్మతులు చేయించింది. స్వయంభూ ఆలయపు తోరణం నేడు తెలంగాణ రాజముద్ర మీద ఉంది. దాని పక్కనే ఉన్న ఇస్లామీ శైలి ఖుష్ మహల్‌ను కూడా కేంద్ర పురావస్తు శాఖే కాపాడుతోంది. ఇక్కడ కాపాడుతున్నది ఈ ఊరి గతాన్ని. అదే కొలత పాత మసీదుకు, దర్గాకు, చర్చికి, మెట్లబావికి కూడా వర్తిస్తుంది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో పదమూడో శతాబ్దపు చర్చిని పుస్తకాల దుకాణంగా వాడుకుంటున్నారు. మన గర్భగుడిలో అంగడి పెట్టడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. కానీ ముఖమంటపంలో గ్రంథాలయం, ప్రాంగణంలో నాట్య ప్రదర్శన, ఊరి శిల్పాల చిన్న ప్రదర్శనశాల మన సంప్రదాయానికి పరాయివేమీ కావు. గుడి మంటపం ఏనాడూ పూజకే పరిమితం కాలేదు.

ఇదంతా జరగడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పనుల వరుస మారితే చాలు. 2015లో కేంద్రం 'హృదయ్' పథకానికి ఎంచుకున్న 12 వారసత్వ నగరాల్లో వరంగల్ ఒకటి. ఆ పథకం 2019లో ముగిసింది. పథకాలు వస్తాయి, పోతాయి. మాస్టర్ ప్లాన్‌లో పడిన గీత మాత్రం ఉంటుంది. కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలోని ప్రతి గ్రామంలో పాత కట్టడాలను వారసత్వ శాఖ, కాకతీయ విశ్వవిద్యాలయ చరిత్ర విభాగం, ఇంటాక్, కాకతీయ హెరిటేజ్ ట్రస్ట్ వంటి సంస్థలు కలిసి నమోదు చేయొచ్చు. ఫోన్ కెమెరా, జీపీఎస్ ఉన్న విద్యార్థులు మండలానికి నలుగురైదుగురు చాలు. ఆ జాబితాను సర్వే నంబర్లతో సహా మాస్టర్ ప్లాన్ పటంలోకి, పహాణీలోకి ఎక్కించాలి. భూమి కేటాయింపు ఫైలు తహసీల్దారు బల్ల దాటాలంటే ఇక్కడ పాత కట్టడం ఉందా లేదా అన్న గడి నిండి తీరాలి. ఉంటే, అది ఏ వరుసదో తేలేదాకా జేసీబీ పోకూడదు. అలా జరిగిన తర్వాత కూడా కొన్ని గుళ్లు పోతాయి, కొన్ని రోడ్లు వంకర పోతాయి. కానీ ఏది వదులుకున్నామో, ఎందుకు వదులుకున్నామో కాగితం మీద ఉంటుంది, దానికి ఒక అధికారి సంతకం ఉంటుంది. ఇవాళ గుళ్లు పోతున్న తీరులో లేనిది ఆ సంతకమే. జవాబుదారీతనం లేని చోట భక్తీ కాపాడలేదు, చట్టమూ కాపాడలేదు.